ట్రాక్షన్ కంట్రోల్ ఎప్పుడు, ఎంతలో పెట్టాలి? బెజవాడ, గుంటూరు బైకర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది బెజవాడలో, ఉద్యోగం గుంటూరులో. వారానికి నాలుగైదు రోజులు 400 సీసీ బండి మీద ఎన్‌హెచ్ 16 ఎక్కి దిగుతుంటాను. మీటర్‌లో పసుపు రంగులో వెలిగే ఆ చిన్న లైటు సంగతేంటని ఆఫీసులోనూ టీ కొట్టు దగ్గరా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒకే జవాబు ఇరవైసార్లు చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. నేను మెకానిక్‌ని కాదు. బండి మాన్యువల్ చదివే అలవాటున్న రైడర్‌ని. నేను చెప్పినదానికీ మీ మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి.

ట్రాక్షన్ కంట్రోల్ అసలేం చేస్తుంది?

రెండు చక్రాల వేగాన్నీ పోల్చి చూస్తుంటుంది. ముందు చక్రం కంటే వెనక చక్రం ఉన్నట్టుండి జోరుగా తిరిగితే, అది రోడ్డును పట్టుకోకుండా ఊరికే తిరుగుతోందని లెక్క. వెంటనే ఇంజిన్ లాగుడు తగ్గిస్తుంది. వెనక చక్రం మళ్ళీ పట్టు దొరికించుకోగానే వదిలేస్తుంది. ఇదంతా మీకు తెలిసేలోపే జరిగిపోతుంది. మీటర్‌లో లైటు టపటపా కొట్టుకుంటుంది, ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం గొంతు నొక్కినట్టు అవుతుంది.

లాగుడు తగ్గించే పద్ధతి బండిని బట్టి మారుతుంది. యమహా ఆర్15 వీ4 లాంటి కేబుల్ యాక్సిలరేటర్ బండిలో స్పార్క్ పడే సమయాన్ని మారుస్తుంది, ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు తగ్గిస్తుంది. ట్రయంఫ్ స్పీడ్ 400, కేటీఎం 390 లాంటి రైడ్ బై వైర్ బళ్ళల్లో యాక్సిలరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య లాగే కేబుల్ ఉండదు, కంప్యూటర్ ఉంటుంది. మీరు ఎంత తిప్పినా, అది ఇవ్వాలనుకున్నంతే ఇస్తుంది. అందుకే ఈ బళ్ళల్లో జోక్యం కాస్త మెత్తగా ఉంటుంది, కుదుపు తక్కువ.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఇది కాపాడేది మీ కుడిచెయ్యి చేసే తప్పు నుంచే. అంటే అవసరానికి మించి రేజ్ చేయడం నుంచి. ముందు చక్రం జారితే దీనికి సంబంధం లేదు. బ్రేకుతో సంబంధం లేదు. స్పీడుగా మలుపులోకి దూరితే ఆపదు.

ఏబీఎస్ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?

ఏబీఎస్ ఆగేటప్పుడు పనిచేస్తుంది, బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. ఇది బయల్దేరేటప్పుడు, వేగం పెంచేటప్పుడు. ఇద్దరూ వాడుకునేది మాత్రం చక్రాల వేగం కొలిచే ఒకే సెన్సర్లను. కాబట్టి ఒక సెన్సర్ చెడితే రెండు లైట్లూ కలిసే వెలుగుతాయి, కంగారు పడకండి. 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ట్రాక్షన్ కంట్రోల్‌కి అలాంటి నిబంధన లేదు, కంపెనీ ఇష్టం.

నా బండిలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

తాళం తిప్పగానే మీటర్‌లో వెలిగే లైట్లలో "టీసీ" అనో, "టీసీఎస్" అనో, బండి బొమ్మ కింద వంకర గీతలతోనో ఒకటుంటుంది. హోండా హైనెస్ సీబీ350లో దాన్ని హెచ్‌ఎస్‌టీసీ అంటారు, కేటీఎం ఎంటీసీ అంటుంది. పేర్లు వేరు, పని ఒకటే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రైడ్ మోడ్‌లు ఉన్నంత మాత్రాన ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నట్టు కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో ఎకో, పెర్ఫార్మెన్స్ మోడ్‌లు ఉన్నాయి, వెనక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే వీలూ ఉంది, కానీ ట్రాక్షన్ కంట్రోల్ లేదు. మా ఆఫీసులో ఒకాయన ఆ బండి కొన్న ఆర్నెల్ల దాకా ఎకోలో పెడితే చక్రం జారదనుకుంటూ తిరిగాడు. ఎకోలో లాగుడు నిదానంగా వస్తుంది కాబట్టి జారడం తక్కువే, నిజమే. కానీ జారిన తర్వాత అడ్డుకునేవాడు అందులో ఎవరూ లేరు.

నా బండిలో ఆన్, ఆఫ్ తప్ప వేరే సెట్టింగే లేదు. ఏం ఎంచుకోవాలి?

తారు రోడ్డయినా సిమెంటు రోడ్డయినా, ఎండయినా వానయినా ఆన్. చక్రం దిగబడే బురద, లోతైన ఇసుక, ఏటవాలు కంకర దారి అయితే ఆఫ్. మళ్ళీ రోడ్డెక్కగానే ఆన్. స్పీడ్ 400, సీబీ350 లాంటి బళ్ళున్నవాళ్ళు ఈ జవాబు చదివి ఇక్కడితో ఆపేసినా పెద్ద నష్టం లేదు.

అంకెలున్నాయి. 1 ఎక్కువా, 3 ఎక్కువా?

చాలా బళ్ళల్లో అంకె పెరిగినకొద్దీ జోక్యం పెరుగుతుంది. కవాసకి జెడ్900లో 1 అంటే చక్రాన్ని కొంచెం జారనిస్తుంది, 3 అంటే దాదాపు జారనివ్వదు. డుకాటీలో 1 నుంచి 8 దాకా ఉంటే 8 అన్నిటికంటే ఎక్కువ కాపలా. "1 అంటే ఫస్ట్ క్లాస్ కదా" అనుకుని వానలో 1లో పెట్టుకున్నవాణ్ణి నాకు తెలుసు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

రెయిన్ మోడ్ పెడితే ట్రాక్షన్ కంట్రోల్ పెంచినట్టేనా?

సగం నిజం. రెయిన్ మోడ్‌లో సాధారణంగా రెండు పనులు కలిసి జరుగుతాయి. ఒకటి, యాక్సిలరేటర్ స్పందన మెత్తబడుతుంది. అంటే అంతే తిప్పినా లాగుడు తక్కువగా, నిదానంగా వస్తుంది. రెండు, జారుడును అది ముందుగానే పట్టుకుంటుంది. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310లో అర్బన్, రెయిన్, స్పోర్ట్, ట్రాక్, సూపర్‌మోటో అని ఐదున్నాయి. కొత్త 390 డ్యూక్‌లో స్ట్రీట్, రెయిన్, ట్రాక్.

నన్నడిగితే మొదటి పనే ముఖ్యమైనది. చక్రం జారాక ఆపడం కంటే అసలు జారకుండా ఉండడం మేలు కదా. వానలో మన చెయ్యి బిగుసుకుంటుంది, గ్లవ్స్ తడిసి ఉంటాయి, గుంటలో పడితే అనుకోకుండా చెయ్యి తిరిగిపోతుంది. ఆ పొరపాటును రెయిన్ మోడ్ సగం మింగేస్తుంది.

మామూలు రోజుల్లో ఊళ్ళో ఏ మోడ్?

స్ట్రీట్, రోడ్, అర్బన్. మీ బండిలో పేరేదైతే అది. బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా వెళ్ళడానికి స్పోర్ట్ మోడ్ దేనికో నాకైతే అర్థం కాదు. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య రెండో గేరు దాటదు. ఊళ్ళో జారే చోట్లు కూడా తెలిసినవే: జీబ్రా గీతలు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, బస్సులు ఆగేచోట కారిన డీజిల్. ఆటోనగర్ లోపలి రోడ్లయితే చెప్పనక్కర్లేదు, అక్కడ వాన పడకపోయినా రోడ్డు మీద ఆయిల్ తడి ఉంటుంది. అక్కడ నేను ఎండాకాలంలోనూ రెయిన్‌లోనే పెడతాను. నవ్వితే నవ్వుకోండి.

వానాకాలంలో?

వానలన్నీ ఒకటి కావు. అన్నిటికంటే ప్రమాదం ఎండాకాలం తర్వాత పడే మొదటి జల్లు, అది కూడా మొదటి పావుగంట. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, రబ్బరు పొడి, దుమ్ము కలిసి పైకి తేలతాయి. రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అదే. గంటసేపు కుండపోతగా కురిశాక ఆ మురికి కొట్టుకుపోతుంది, అప్పుడు అదే రోడ్డు కాస్త నమ్మదగినదవుతుంది. వాన జోరు చూసి భయపడి, తుంపరను తేలిగ్గా తీసుకుంటాం. నిజానికి తుంపరకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

కాబట్టి నాలుగు చినుకులు పడగానే రెయిన్ మోడ్. అంకెలున్న బండి అయితే ఎక్కువ అంకె. ఆన్, ఆఫ్ మాత్రమే ఉంటే ఆన్‌లోనే ఉందో లేదో ఒకసారి మీటర్ చూసుకోండి.

కొన్ని చోట్లు చెబుతాను. కాజ టోల్ ప్లాజా దగ్గర బైకులకు టోల్ లేదు, ఎడమ పక్క దారిలో పోతాం. కానీ ఆ సిమెంటు పలకల మీద లారీలు గంటలకొద్దీ ఆగీ కదిలీ ఆయిల్ కారుస్తుంటాయి. తడిసినప్పుడు అక్కడ రేజ్ చేస్తే నా బండిలో లైటు కొట్టుకోకుండా దాటిన రోజు తక్కువ. రెండోది కనకదుర్గ ఫ్లైఓవర్. 2020లో తెరిచారు, ఇంద్రకీలాద్రి కింద నది వెంబడి వంపు తిరిగి వెళుతుంది. రోడ్డు బాగుంది, ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంటుంది, మనసు అటు పోతుంది. వంపులో బండి వాలి ఉండగా అడ్డంగా ఇనుప జాయింట్లు వస్తాయి. తడి ఇనుము మీద టైరుకు పట్టు దాదాపు ఉండదు. జాయింట్ దాటేటప్పుడు యాక్సిలరేటర్ పెంచొద్దు, తగ్గించొద్దు, ఉన్నదున్నట్టు పట్టుకోండి. ఒకవేళ లైటు కొట్టుకున్నా దాటాకే ఆలోచించండి.

నీళ్ళు నిలిచిన చోట స్పీడుగా పోతే టైరు నీటి మీద తేలుతుంది. దానికి ఏ మోడూ మందు కాదు. స్పీడు తగ్గించడమే.

రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, అప్పుడేం పెట్టాలి?

ఈ ప్రశ్న ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో కంకిపాడు దాటి ఉయ్యూరు, గుడివాడ వైపు వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇదే అసలు ప్రశ్న.

ఎండిన వడ్లు తారు రోడ్డు మీద బేరింగు గోళీల్లా పనిచేస్తాయి. టైరుకీ రోడ్డుకీ మధ్య వేల గింజలు దొర్లుతుంటాయి. రాశి మధ్యలో కంటే అంచుల్లో, పలచగా చెదిరిన చోట ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ గింజలున్నట్టే కనపడదు. దానికి తోడు అంచున కాపలాగా పెట్టిన రాళ్ళు. సాయంత్రమైతే మంచు పడకుండా కప్పిన బరకాలు, వాటి మీద తడి.

రెండేళ్ళ క్రితం డిసెంబర్లో, పొద్దుగూకే వేళ గుడివాడ నుంచి వస్తున్నాను. రోడ్డులో సగం వడ్లు, మిగతా సగంలో ఎదురుగా గడ్డి ట్రాక్టర్. ఆ గడ్డి రెండు పక్కలా రోడ్డంతా ఆక్రమించింది. వడ్ల మీదికి ఎక్కక తప్పలేదు. మూడో గేర్లో, ముప్పై లోపు స్పీడు. ఎక్కీ ఎక్కగానే వెనక చక్రం ఎడమకు ఒకసారి ఊగింది. లైటు టపటపా కొట్టుకుంది, ఇంజిన్ శబ్దం దిగింది, బండి దానంతటదే సర్దుకుంది. నేను చేసిన మంచిపని ఒకటే, ముందు బ్రేకు ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఏ ట్రాక్షన్ కంట్రోలూ లేపేది కాదు. దాటి ఆగాక ఆ రైతు అన్నమాట ఇప్పటికీ గుర్తే: "ఏమయ్యా, నా వడ్లు తొక్కితే తప్ప నీకు ఇంటికి దారి లేదా?" ఆయన బాధ ఆయనది. ఇంటికొచ్చి చూస్తే చైన్ కవర్‌లో గుప్పెడు వడ్లు.

వడ్ల రోడ్డు మీద ఆన్‌లోనే ఉంచండి, రెయిన్ మోడ్ ఉంటే ఇంకా మంచిది. ఒక గేరు ఎక్కువలో, తక్కువ ఆర్‌పీఎంలో, తిన్నగా దాటండి. హ్యాండిల్ తిప్పడం, ముందు బ్రేకు పట్టడం వద్దు. ముందే కనిపిస్తే వడ్లకు ముందే, నల్లటి తారు మీదే స్పీడు తగ్గించుకోండి.

కరకట్ట మీద ఇసుక?

టిప్పర్ల నుంచి రాలిన ఇసుక. గట్టి రోడ్డు మీద పలచని పొరే కాబట్టి వడ్లకు చెప్పిందే దీనికీ. ఉండవల్లి కరకట్ట మలుపుల్లో ఇసుక ఎప్పుడూ అంచుకు చేరి ఉంటుంది, చక్రాలు నడిచిన జాడలోనే పోండి. నది ఒడ్డున ఇసుక తిన్నెల్లోకి ఫొటోల కోసం దిగితే మాత్రం సంగతి వేరు, కింది జవాబు చూడండి.

అయితే ఆఫ్ చేయాల్సింది ఎప్పుడు? అదెందుకు?

చక్రం తిరిగితేనే బండి కదిలే చోట. లోతైన బురదలో, ఇసుకలో టైరు గాడుల్లో మట్టి నిండిపోతుంది. చక్రం జోరుగా తిరిగి ఆ మట్టిని విసిరికొడితేనే గాడులు మళ్ళీ పట్టుకుంటాయి. ట్రాక్షన్ కంట్రోల్‌కి ఇది తెలియదు. చక్రం జారుతోంది, ఆపాలి, దానికి తెలిసిందంతే. మీరు యాక్సిలరేటర్ తిప్పుతారు, అది పీక నొక్కుతుంది. బండి అక్కడే కూరుకుపోతుంది.

నేను వాడే గుర్తు ఇది: పైనున్నది పక్కకు తోస్తే కింద గట్టి రోడ్డు తగులుతుందా? తగిలితే ఆన్. బూటు దిగబడితే ఆఫ్. 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద తీశాక సింగ్‌నగర్ వీధుల్లో ఒండ్రు పేరుకుంది. మా మేనత్త వాళ్ళింటికి మంచినీళ్ళ క్యాన్లు తీసుకెళ్ళాను. పెద్ద వీధిలో సిమెంటు రోడ్డు మీద అంగుళం మందాన జారుడు పొర, అక్కడ ఆన్‌లోనే నెమ్మదిగా పోయాను. వాళ్ళ సందులోకి తిరిగితే పాదం మునిగేంత. యాక్సిలరేటర్ తిప్పుతున్నా, ఇంజిన్ దగ్గుతోంది, బండి కదలదు. ఆఫ్ చేశాక వెనక ఇంటి గోడంతా బురద చల్లింది కానీ బండి మాత్రం కదిలింది. గోడ తర్వాత కడిగిచ్చాను.

390 అడ్వెంచర్‌లో 2022లో స్ట్రీట్, ఆఫ్‌రోడ్ అని రెండు మోడ్‌లొచ్చాయి. ఆఫ్‌రోడ్‌లో అది పూర్తిగా వదిలేయదు, వెనక చక్రాన్ని కొంత జారనిచ్చి తర్వాత పట్టుకుంటుంది. మట్టిరోడ్డు, కంకర రోడ్డు మీద పూర్తి ఆఫ్ కంటే ఇదే నాకు నచ్చుతుంది.

నల్లరేగడిలో?

తుళ్ళూరు వైపో, పల్నాడులోనో వాన పడ్డాక పొలం డొంకలోకి వెళ్ళి ఫోన్ చేసి అడుగుతారు. నల్లరేగడి తడిస్తే ఏ సెట్టింగూ లేదు. చక్రానికి అంటుకున్న మట్టి మడ్‌గార్డ్‌లో ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. బండి దిగి, తుమ్మపుల్ల ఒకటి విరుచుకుని గీకడమే. మర్నాడు ఆరాక అదే డొంక ఎంత బాగుంటుందో.

కోటప్పకొండ, శ్రీశైలం ఘాట్ రోడ్లలో?

రోడ్డు పొడిగా ఉంటే మామూలు స్ట్రీట్ మోడే. మీ బండిలో ఐఎంయూ ఉందో లేదో మాత్రం ఇక్కడ తెలుసుకోవాలి. అది బండి ఎంత వాలిందో కొలిచే సెన్సర్. ఉంటే, మలుపులో వాలి ఉన్నప్పుడు టైరుకు మిగిలిన పట్టు తక్కువని బండికి తెలుసు, కాబట్టి ముందుగా, మెత్తగా జోక్యం చేసుకుంటుంది. 390 అడ్వెంచర్, కొత్త 390 డ్యూక్ ఈ రకం. లేకపోతే బండి నిటారుగా ఉందనుకునే లెక్కలు వేస్తుంది. వాలిన బండిలో వెనక చక్రం పక్కకు జారడం మొదలుపెట్టాక గానీ దానికి తెలియదు. స్పీడ్ 400, సీబీ350, ఆర్15 ఈ రెండో రకం. తప్పేమీ లేదు, కానీ మలుపు మధ్యలో రేజ్ చేసి "ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా" అనుకోకూడదు. బండి నిటారుగా అవుతున్నకొద్దీ తిప్పుకుంటూ రండి.

దోర్నాల దాటాక నల్లమల మలుపుల్లో రాలిన ఆకులు, కోతుల కోసం ఆగిన కార్లు, పొద్దున్నే తేమ. పది దాకా రెయిన్‌లో పోయినా ఎవరూ ఏమీ అనరు.

వెనక మనిషి కూర్చుంటే మార్చాలా?

అక్కర్లేదు. బరువు వెనక పడితే వెనక టైరు పట్టు పెరుగుతుంది కూడా. గాలి ఎంత ఉండాలో చైన్ కవర్ మీద స్టిక్కర్ చూసి సరిచేసుకోండి చాలు.

ఎండాకాలంలో ఏమన్నా జాగ్రత్త?

రోహిణి కార్తెలో తారు కరిగి పైకి తేలి నల్లగా మెరుస్తుంటుంది. అది తడి రోడ్డుతో సమానం, అక్కడ ఆన్‌లో ఉండాలి. మిగతా చోట్ల వేడెక్కిన టైరు బాగానే పట్టుకుంటుంది. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు వైపు వెళ్ళేవాళ్ళకి జారడం కంటే తుమ్ములే పెద్ద సమస్య. హెల్మెట్ అద్దం దించుకోండి.

నడుపుతుండగా లైటు కొట్టుకుంటే ఏం చేయాలి?

కొట్టుకుంటుంటే అది పనిచేస్తోందని. యాక్సిలరేటర్ ఇంకొంచెం నెమ్మదిగా తిప్పమని చెబుతోంది, వినండి. ఒక్కసారిగా వదిలేయొద్దు, బ్రేకు కొట్టొద్దు. అదే లైటు ఆగకుండా వెలిగి ఉంటే రెండే కారణాలు: ఎవరో ఆఫ్ చేశారు, లేదా చెడిపోయింది.

పంచర్ వేయించాక టీసీ, ఏబీఎస్ లైట్లు రెండూ ఆరడం లేదు!

నాకూ జరిగింది. హైవే పక్కన ఒక షాపులో వెనక చక్రం విప్పించి పంచర్ వేయించాను. కుర్రాడు చక్రాన్ని నేలమీద డిస్కు వైపు పడుకోబెట్టి, మీద కాలేసి టైరు ఊడదీశాడు. నేను టీ తాగుతున్నాను, చూడలేదు. ఐదు కిలోమీటర్లు పోయేసరికి రెండు లైట్లూ వెలిగాయి.

డిస్కు పక్కన చిల్లులతో ఒక పలచని ఇనుప రింగు ఉంటుంది చూడండి. చక్రం తిరుగుతుంటే ఆ చిల్లులను సెన్సర్ లెక్కపెడుతుంది. సెన్సర్‌కీ రింగుకీ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ మాత్రమే. రింగు ఒకచోట వంగినా లెక్క తప్పుతుంది. ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి చక్రాన్ని చేత్తో తిప్పుతూ, సెన్సర్ దగ్గర వేలుపెట్టి, "ఇదిగో, ఇక్కడ మూలుగుతోంది చూడు" అని చూపించాడు. వంగిన చోట రింగు ప్రతి చుట్టుకీ ఒకసారి చిన్నగా గీసుకుంటోంది. సరిచేయకుండా రింగే మార్చాడు. కొట్టి సాపు చేసిన రింగును నమ్మొద్దన్నాడు.

అప్పటినుంచి చక్రం విప్పితే డిస్కు వైపు పైకి ఉండేలా పెట్టమని ముందే చెబుతున్నాను. ఒక్కోసారి రింగు బాగానే ఉండి సెన్సర్ మొహం మీద బురదో, డిస్కు నుంచి వచ్చిన ఇనుప పొడో అంటుకుని ఉంటుంది. ముందు దాన్ని గుడ్డతో తుడిచి చూడండి, డబ్బులు మిగులుతాయి.

మెయిన్ స్టాండ్ మీద గేరులో తిప్పితే లైటు వెలిగింది. చెడిపోయిందా?

లేదు. వెనక చక్రం తిరుగుతోంది, ముందుది ఆగి ఉంది, ఏదో తేడా ఉందని దానికి అనుమానం. తాళం ఆపి మళ్ళీ వేసి, కాస్త దూరం నడపండి, పోతుంది. చైన్‌కి ఆయిల్ వేసేటప్పుడు ఇంజిన్ ఆపి చక్రాన్ని చేత్తో తిప్పుకోండి. లైటు కోసం కాదు, వేళ్ళ కోసం.

టైరు సైజు పెద్దది వేయించాను, ఇబ్బందా?

ఇబ్బందే. రెండు చక్రాల చుట్టుకొలతల నిష్పత్తి కంప్యూటర్‌లో ముందే రాసి ఉంటుంది. వెనక టైరు ఎత్తు మారితే రెండు వేగాల మధ్య శాశ్వతంగా తేడా కనిపిస్తుంది. జారకపోయినా జోక్యం చేసుకోవచ్చు, లేదా జారినప్పుడు ఆలస్యంగా మేలుకోవచ్చు. కంపెనీ చెప్పిన సైజే వేయించండి. బాగా అరిగిన వెనక టైరు, కొత్త ముందు టైరు కలిసినా కొంత తేడా వస్తుంది కానీ అంతవరకూ తట్టుకుంటుంది.

గేరు గబగబా దించితే వెనక చక్రం పట్టేసి ఊగింది. ట్రాక్షన్ కంట్రోల్ ఎందుకు ఆపలేదు?

అది దాని పని కాదు. అక్కడ చక్రం ఎక్కువ తిరగలేదు, తక్కువ తిరిగింది. ఆ పని స్లిప్పర్ క్లచ్‌ది. పెద్ద బళ్ళల్లో ఇంజిన్ బ్రేకింగ్‌కి వేరే కంట్రోల్ ఉంటుంది.

మైలేజీ తగ్గుతుందా?

తగ్గదు.

వీలీ కొట్టడానికి ఆఫ్ చేయాలంట కదా?

ముందు చక్రం లేస్తే దాని వేగం పడిపోతుంది, వెనకది జారుతోందనుకుని బండి లాగుడు తగ్గించేస్తుంది. అందుకే ఆఫ్ చేస్తారు. బందరు రోడ్డు మీద రాత్రి పదకొండింటికి చేయడానికైతే నన్ను అడగొద్దు తమ్ముళ్ళూ.

12, 13 హార్స్‌పవర్ బండికి ఇదంతా అవసరమా?

పొడి రోడ్డు మీద ఎఫ్‌జెడ్-ఎస్ లాంటి బండిలో అది మేలుకునే సందర్భం చాలా అరుదు. చక్రాన్ని జార్చేంత బలం ఆ ఇంజిన్‌కి ఉండదు. తడిసిన జీబ్రా గీత మీద మొదటి గేర్లో మాత్రం ఏ బండైనా జారుతుంది. ఉంటే ఉండనివ్వండి, లేదని బండి మార్చక్కర్లేదు.

ఇది కొత్తగా వచ్చిందా?

మనకు కొత్త, ప్రపంచానికి కాదు. హోండా ఎస్‌టీ1100 టూరింగ్ బండికి 1992లోనే ఇచ్చింది. బీఎండబ్ల్యూ 2006 ప్రాంతంలో తన బళ్ళకు పెట్టడం మొదలుపెట్టింది, 2008లో డుకాటీ 1098ఆర్‌తో రేసు బళ్ళ తరహాది రోడ్డు మీదికొచ్చింది. ఇప్పుడు 150 సీసీ బండిలో దొరుకుతోంది. నా మొదటి బండికి రెండు డ్రమ్ బ్రేకులు, అంతే.

ఆఫ్ చేసి ఎక్కడన్నా ఆగితే మళ్ళీ ఆఫ్‌లోనే ఉంటుందా?

చాలా బళ్ళల్లో తాళం తీసి వేస్తే మళ్ళీ ఆన్‌కి వచ్చేస్తుంది. కొన్నిటిలో మోడ్‌ని బట్టి అలాగే ఉండిపోతుంది, మీ మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చూడండి. ఆపడానికి కూడా చాలావాటిలో బండి నిలిపి, బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పరుగులో కుదరదు. దీనివల్ల రెండు రకాల ఇబ్బంది. బురదలో ఇంజిన్ ఆగిపోయి తాళం తిప్పితే అది మళ్ళీ ఆన్ అయి కూర్చుంటుంది, మీకు తెలియదు. ఇంకో రకం బండి అయితే పొలం నుంచి రోడ్డెక్కి, తాళం తీయకుండా తిన్నగా ఇంటిదాకా ఆఫ్‌లోనే వచ్చేస్తారు. నేనైతే మట్టిదారి దిగి తారెక్కాక మొదటి పెట్రోల్ బంకులో ఆగి తాళం ఒకసారి తీసి వేస్తాను. బంకు నుంచి కాస్త కదిలాక పసుపు లైటు ఆరిందో లేదో కనపడిపోతుంది.